అర్హుడైన ఢిల్లీబాబు

అప్పు అనే పాపిష్టి మాటను ఈ నేల మీద నుంచి తుడిచిపెట్టిన ఘనత 'హాయిగాతీస్కో' యాప్‌కే దక్కాలి. ఇప్పుడు ఎవరికీ అప్పులు లేవు. అర్హతలు మాత్రమే ఉన్నాయి.

శ్రీ సిటీ ఫ్యాక్టరీలో పనిచేసే నగరి కుర్రవాడు ఢిల్లీబాబుకు పద్దెనిమిది వేల అర్హత ఉన్నట్టు ఆ యాప్ ఒకనాడు కనిపెట్టింది. (ఇరవై మూడేళ్లు పెంచిన తల్లిదండ్రులు కనిపెట్టలేకపోయారు.) ఆరు కంతుల్లో ఫోను కొన్నాడు. మూడో నెల ఓవర్‌టైమ్ ఆగిపోయి కంతు తప్పింది. యాప్ కోప్పడలేదు. ఆ కంతు కట్టుకోమని ఇంకో అర్హత ఇచ్చింది. దాన్ని తీర్చడానికి ఇంకో యాప్, దానికి మరొకటి. ఏడాది తిరిగేసరికి ఢిల్లీబాబు నాలుగు యాప్‌లలో అర్హుడై, హాస్టల్లో ఒంటిపూట భోజనానికి దిగాడు.

అప్పుడు 'వసూళ్ల సౌహార్ద విభాగం' అధికారి భానుచందర్ ఫోన్ చేశాడు.

"మీరు కట్టకపోయినా పర్లేదు సార్. మీవాళ్లకు చెప్పుకుంటాం," అన్నాడు మర్యాదగా.

నిబంధనల ఇరవై ఏడో పేజీలో ఢిల్లీబాబు ఒప్పుకునే ఉన్నాడు గనుక, అతని ఫోనులో ఉన్న రెండు వందల పదమూడు మందికీ భానుచందర్ చెప్పుకున్నాడు. సూపర్‌వైజరుకు, క్షవరం చేసే మనిషికి, గ్యాస్ బండ తెచ్చే మనిషికి. (గ్యాస్ మనిషి పాపం, యాభై రూపాయలు పంపాడు.) ఆఖరి ఫోను నగరికి, నాయన దేవరాజులుకు.

ఆదివారం ఢిల్లీబాబు ఇంటికొచ్చి గడప దగ్గరే నిలబడిపోయాడు.

"ఎంతరా?"

"అరవై నాలుగు వేలు నాయనా."

"ముందే నన్నడగకూడదా?"

"ఇయ్యవని కాదు నాయనా. యాడ తెస్తావని అడగలే."

ఇంట్లో ఉన్న రెండు మరమగ్గాల్లో ఒకటి బుధవారానికల్లా అమ్ముడుపోయింది. ఢిల్లీబాబే ఒక పక్క పట్టి వ్యానులోకి ఎక్కించాడు. నాలుగు యాప్‌లకూ చివరి పైసా వరకు కట్టేశారు.

పది నిమిషాల్లో సందేశం వచ్చింది: 'అభినందనలు! మీ అర్హత లక్ష రూపాయలకు పెరిగింది.'

"ఏమంటాడ్రా?" అన్నాడు దేవరాజులు.

"మన మింద నమ్మకం పెరిగిందంట నాయనా. లక్ష ఇస్తారంట."

దేవరాజులు ఖాళీ అయిన చోటు వంక కాసేపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఆరు కంతుల్లో మగ్గమిస్తారేమో, అడిగి సూడు."