చప్పట్ల వంతెన

"పైడమ్మక్కా! ఓ పైడమ్మక్కా! దుంగ జారిపోతోందే, పట్టుకో!"

కుందేలు చిట్టెమ్మ కేకకి ఉడుము పైడమ్మ పరుగున వచ్చి దుంగ కొస కరుచుకుంది. ఉడుము పట్టిందంటే ఇక వదలదు కదా.

ఒక పెద్ద అడవిలో, తనలో తాను నవ్వుకుంటూ పారే ఏటిమీద వంతెన కడుతున్న రోజులవి. వాన పడిందంటే ఆ నవ్వే ఏరే చిట్టెమ్మ బొరియని మింగేస్తుంది. బొరియలో ఇంకా కళ్ళు తెరవని పిల్లలు నాలుగు. వాన పడేలోగా వాటిని అవతలి గట్టెక్కించాలి.

సరిగ్గా అప్పుడే వంతెన సంఘం అధ్యక్షుడు, ఎలుగుబంటి కోదండంగారు, ఈల వేశారు.

"పని ఆపండి! ప్రోత్సాహం వేళయింది!"

కోదండంగారిది ఎంత మంచి మనసో! రోజూ పొద్దున్నించి మధ్యాహ్నం దాకా అందర్నీ వరసగా నిలబెట్టి ప్రోత్సహిస్తారు. దుంగ మాత్రం ముట్టుకోరు. ముట్టుకుంటే మోసేవాళ్ళ ఆత్మవిశ్వాసం దెబ్బతింటుందట.

"శభాష్ చిట్టెమ్మా! నువ్వు తలుచుకుంటే కొండనైనా మోస్తావు!"

"కొండొద్దండీ, ఈ దుంగకి ఓ చెయ్యేస్తే చాలు."

సభ గతుక్కుమంది. గుమాస్తా నక్క చలమయ్య గొంతు సవరించుకుని నిబంధన చదివాడు. "సాయం కోరువారు 'నాకు చేతకాదు' అని సభలో గట్టిగా ఒప్పుకొనవలెను. అంతవరకు మిగతావారు చప్పట్లు మాత్రమే కొట్టవలెను." చదివి, "తమరే రాశారండీ, ముత్యాల్లా ఉంది" అని మురిసిపోయాడు.

చిట్టెమ్మ చెవులు వాలిపోయాయి. నలుగురు పిల్లల తల్లి ఆ మాట ఎలా అంటుంది? అందరూ చప్పట్లు కొట్టారు.

పైడమ్మ కొట్టలేదు. సభ అయ్యాక ఒక్కొక్కరి పక్కకీ చేరి, "నువ్వీ కొస పట్టు, నేనా కొస పడతా. ఇంతకీ ఏమన్నా తిన్నావా?" అనేది. రోజూ అంతే. చలమయ్య రిజిస్టరులో రాసుకున్నాడు: "పైడమ్మ. ఉత్సాహం తక్కువ."

వాన రానే వచ్చింది. అప్పటికి పడినవి రెండే దుంగలు, అవీ తీగలతో సగం కట్టినవి. పైడమ్మ వాటిని కదలకుండా అదిమి పట్టుకుంటే, చిట్టెమ్మ ఒక్కో పిల్లనీ నోట కరుచుకుని దాటించింది. నాలుగోది గట్టెక్కిందో లేదో, కోదండంగారు మెడలో అడవిమల్లెల దండతో దుంగలమీదికి వచ్చేశారు.

"చూశారా నా ప్రోత్సాహం ఫలితం!"

"దిగండి బాబుగారూ, మీ బరువుకి ఆగదు!" అంది పైడమ్మ.

"ఛ, నిరుత్సాహపు మాటలు వద్దమ్మా!"

తీగ తెగింది. పైడమ్మ ఇవతలి ఒడ్డుకి గెంతి, చెట్టు వేళ్ళలోకి గోళ్ళు దిగేసి, తోక చాచింది. ఏట్లో మునకలేస్తున్న కోదండంగారికి ఆ తోక దొరికింది. కానీ ఒక్క ఉడుము ఎలుగుబంటిని ఎంతకని లాగుతుంది?

అడవంతా గట్టుమీద వరసగా నిలబడి చప్పట్లు మొదలెట్టింది.

"శభాష్! తమరు తలుచుకుంటే సముద్రమైనా ఈదేస్తారు!" అందరికంటే పైన చలమయ్య గొంతు.

"లాగండ్రా! ఎవరైనా ఓ చెయ్యెయ్యండ్రా!" అని అరిచారు కోదండంగారు.

"అయ్యో, తమ ఆత్మవిశ్వాసం దెబ్బతినదూ?"

అవతలి గట్టునుంచి చిట్టెమ్మ ఏడుపుగొంతుతో అరిచింది. "ఆ ఒక్క మాటా అనేయండి బాబుగారూ! అందరూ లాగుతారు!"

నీళ్ళు ముక్కుదాకా వచ్చాయి. కోదండంగారు కళ్ళు మూసుకున్నారు.

"నాకు చేతకాదు! ఈతా చేతకాదు, దుంగ మొయ్యడమూ చేతకాదు! అది ఎవరికీ తెలియకూడదనే రోజూ మీ చేత చప్పట్లు కొట్టించాను!"

చప్పట్లు కొట్టిన చేతులన్నీ పైడమ్మని పట్టుకుని, ఆయన్ని గట్టుమీదికి లాగేశాయి.

నీతి: నాయకుడు రోజూ అందర్నీ ప్రోత్సహించాలి, ఏటికి బాగా దూరంగా నిలబడి.