నాంచారమ్మ ఎత్తు

ఆన్‌లైన్లో చీరలమ్మే దామర్ల వీరభద్రం తల్లి నాంచారమ్మ ఈ నెల కొలతల్లో రెండడుగుల అంగుళం తేలింది. పోయిన నెలకన్నా నాలుగంగుళాలు తక్కువ. పెళ్లిళ్ల కాలం కాబట్టి ఆ మాత్రం తగ్గుదల మామూలేనని కొలతల గుమాస్తా ఇమ్మానుయేలు రిజిస్టరులో రాసుకున్నాడు.

ఫోన్లో ఫొటో చూసి కొనేవాళ్లు చివర్లో "అమ్మతోడా?" అని అడగడం, అమ్మేవాళ్లు "అమ్మతోడు" అని తేలిగ్గా అనేయడం మనకున్న అలవాటే. ప్రభుత్వం చేసిందల్లా దాన్నొక పద్ధతిలో పెట్టడం. వ్యాపారి తన ఫోన్ నంబరుకు తల్లిని జతచేయాలి. నంబరు పక్కనే ఆవిడ ఎత్తు కొనేవాళ్లకు కనిపిస్తుంది. ఒట్టేసి చెప్పిన మాట నిజమైతే ఏమీ కాదు, అబద్ధమైతే తల్లి తగ్గుతుంది. "ఒక్కటే పీసు మిగిలింది" అన్నదానికి గోరంత. "పార్శిల్ పొద్దున్నే పంపించేశాం" అన్నదానికి అరంగుళం. మరమగ్గం చీరను చేతిమగ్గం చీరంటే నిండు అంగుళం. దీంతో అబద్ధాలు ఆగిపోతాయని పైవాళ్లు ఆశపడ్డారు, పాపం. ఊళ్లో తలుపు గడియలు కిందికి దిగాయి తప్ప ఇంకేం మారలేదు.

వీరభద్రం చెడ్డవాడేం కాదు. తల్లి తన నడుము దాకా దిగిపోయిన రోజున వెక్కి వెక్కి ఏడ్చాడు. రెండు వారాలు నిజాలే చెప్పాడు. "రెండు ఉతుకులకే రంగు వెలుస్తుందండీ" అని రాస్తే కొనేవాళ్లు హడలిపోయారు. పొడుగు తల్లి ఉన్నవాడు వ్యాపారంలోకి నిన్నగాక మొన్న దిగినవాడనీ, పొట్టి తల్లి ఉన్నవాడు అనుభవం ఉన్నవాడనీ జనం లెక్క.

"పక్కవీధి చీరలాయనగారి అమ్మ జానెడేనంటండీ. అక్కడే తీసుకుంటాం లెండి," అని ఒకావిడ మర్యాదగా తప్పుకుంది.

నాంచారమ్మే కొడుకును ఓదార్చింది. "నా గురించి బెంగెట్టుకోకురా అబ్బాయ్. మోకాళ్ల నొప్పులు కూడా సగమయ్యాయి. నువ్వు నీ పని చూసుకో."

శ్రావణమాసం వచ్చేసరికి ఆవిడ బెత్తెడయింది. జాకెట్ ముక్కల అట్టపెట్టెలో పడుకునేది. ఒకనాడు మధ్యాహ్నం భోజనాల వేళ ఆవిడ కనబడలేదు. వీరభద్రం భార్య శేషకుమారి ఇల్లంతా వెతికింది. చివరికి గుమ్మం పక్కనున్న పార్శిల్లోంచి సన్నగా దగ్గు వినిపించింది. చీర మడతల మధ్య తల్లి ఉన్న సంగతి చూసుకోకుండా టేపు వేసేసింది వీరభద్రమే. ఆ పార్శిల్ పొద్దున్నే వెళ్లిపోయిందని కొన్నావిడకు ఒట్టేసి రాసింది కూడా అతనే. ఆ మాట నిజమై ఉంటే తల్లి ఈపాటికి ఏ ఊళ్లో తేలేదో! అబద్ధం వల్ల దక్కింది, కాకపోతే అరంగుళం తరిగి దక్కింది.

వీరభద్రం గుండె చెరువైపోయింది. తల్లిని అరచేతిలో పెట్టుకుని, కొనేవాళ్లందరికీ ఒకేసారి మెసేజ్ కొట్టాడు: "ఇక జన్మలో అబద్ధమాడను. అమ్మతోడు."

"వద్దురా, అంత పెద్దది వద్దు!" అని నాంచారమ్మ అరిచింది. అంత చిన్న గొంతు అతనికి వినబడలేదు.

వెంటనే ఫోన్ మోగింది. "అన్నా, ఆ నెమలికంఠం రంగుది ఉందా?"

"ఒక్కటే మిగిలిందమ్మా," అన్నాడు వీరభద్రం. అలవాటు కొద్దీ నోరు జారింది. బీరువాలో అలాంటివి పద్దెనిమిదున్నాయి. జన్మంతటికీ వేసిన ఒట్టు అక్కడికక్కడే తప్పింది. చెయ్యి చూసుకుంటే ఖాళీగా ఉంది.

ఇమ్మానుయేలు వచ్చి భూతద్దంతో అరచెయ్యంతా వెతికి, రిజిస్టరులో సున్నా చుట్టాడు. నిబంధన ప్రకారం జాలి కూడా పడ్డాడు.

"బాధపడకండి. ఇంట్లో ఇంకెవరున్నారు?"

శేషకుమారి చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఎవరూ చెప్పకుండానే కొప్పు విప్పుకుని గోడకు ఆనుకుని నిలబడింది. ఐదడుగుల రెండంగుళాలు.

కొత్త కొలత ఫోన్లో పడగానే ఎవరో రాశారు: "అమ్మో, ఇంత పొడుగా? మిమ్మల్ని నమ్మేదెట్లా అండీ?"

"కొద్దిరోజులు ఓపిక పట్టండి, తగ్గిపోతుంది. మా ఆవిడతోడు," అని జవాబిచ్చాడు వీరభద్రం.

ఆ మాటకు శేషకుమారి గోరంత కూడా తగ్గలేదు.