హబ్బు మెత్తబడిన వైనం

నవ్వితే నవ్వారు గానీ, ముందో కుర్చీ ఇలా లాగండి. కాళ్ళు పట్టేసి మీ గుమ్మం ఎక్కేసరికి దేవుడు కనిపించాడు. సైకిలు తొక్కీ తొక్కీ ఈ గతి పట్టింది. అలాగని ఇంట్లోంచి అడుగు బయటపెట్టానా అంటే, అదీ లేదు. మొదటినుంచీ చెబుతాను.

మా ఆఫీసులో ఓ గుంపు ప్రతి ఆదివారం సైకిళ్ళేసుకుని చెరువుదాకా వెళ్ళొస్తుంది. వాళ్ళతో సమానంగా తొక్కే దమ్ము నాకు లేదు. సమానంగా ఖర్చుపెట్టే దమ్మైనా చూపిద్దామని నా సైకిలుకి మేలురకం హబ్బులు వేయించాను. హబ్బంటే తెలుసుగా, చక్రం నడిమధ్య పుల్లలన్నీ వచ్చి కలిసే గుండు. బేరింగులూ గ్రీజూ ఉండేది దాని కడుపులోనే.

వేసింది మా వీధి సైకిలు షాపాయన. చేతికందినదల్లా బిగించనిదే వదలడు కనక ఆయన్ని మేమంతా బిగింపు మాస్టారంటాం. చక్రాన్ని వేలితో తిప్పి చూశాను. రెండు చుట్లు తిరిగి, అలిగినట్టు ఆగిపోయింది.

"ఇదేంటి మాస్టారూ? మా పాత డొక్కే నయం!"

"మంచి సరుకు అంతే బాబూ. దుమ్ము చొరకుండా రబ్బరు సీళ్ళు గట్టిగా పట్టుకుని ఉంటాయి. కొత్త చెప్పుల్లాగే, నలిగితే గానీ మెత్తబడదు. రోజూ తొక్కండి. నెల పోయాక తెస్తే లూజు చూసి సరిచేస్తాను. అప్పుడు గాలికే తిరుగుతుంది."

రోజూ తొక్కడమట! మా ఇంటికీ ఆఫీసుకీ మధ్య ఓ పెద్ద ఎత్తుంది. నేను దాన్ని బస్సులో ఎక్కడానికే ఆయాసపడే మనిషిని.

అప్పుడు నా కన్ను మా ఆవిడ మోటారు కుట్టుమిషన్ మీద పడింది.

మా ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఏళ్ళ తరబడి చిరిగిన జేబులూ ఊడిన గుండీలూ చూసి చూసి విసిగిపోయిన మనిషికి, ఆమధ్య నాటకాల హాలు తెర కుట్టే పని దొరికింది. ఇంత మందాన ఎర్ర మఖమలు. ఆ హాలు మేనేజరు మాటకోసారి చెయ్యెత్తి టైము చూసుకుంటాడు కనక మేం గడియారం గారంటాం. "చెప్పిన రోజు సాయంత్రం ఆరింటికి తెర అందితే ఇకమీద హాలు కుట్టుపనంతా మీదేనమ్మా. అందకపోతే మాత్రం..." అని టైము చూసుకున్నాడు.

తెర ఇవ్వాల్సిన రోజు మధ్యాహ్నం దారం అయిపోయి మా ఆవిడ బజారుకి బయల్దేరింది.

"మిషన్ జోలికి వెళ్ళకండి."

"నాకేం పని దానితో?"

"పని లేనప్పుడే మీతో భయం."

ఆవిడ వీధి మలుపు తిరిగిందో లేదో, నేను వెనక చక్రం ఊడదీసి, టైరు తీసేసి, రెండు కుర్చీల మధ్య నిలబెట్టి కట్టాను. రిమ్ము గాడిలోంచి మిషన్ చక్రానికి తాడు బిగించాను. సూది తీసి జాగ్రత్తగా పక్కన పెట్టాను, ఆమాత్రం తెలివి నాకూ ఉంది. మిషన్ పెడలు మీద ఇస్త్రీపెట్టె పెట్టాను. మోటారు గుర్రుమంది, చక్రం తిరిగింది. ఇస్త్రీపెట్టె తొక్కుతోంది, హబ్బు నలుగుతోంది, ఇక నాకేం పని? పడక్కుర్చీలో వాలాను.

కాలిన వాసనకి మెలకువ వచ్చింది. బల్లమీది తెర కొస జారి పుల్లల్లో చిక్కుకుంది. సగం మఖమలు హబ్బుకి చుట్టుకుపోయి చక్రం బిగుసుకుంది. మోటారు పొగలు కక్కుతోంది. ఇస్త్రీపెట్టె మాత్రం పెడలు మీద కాలు తీయలేదు.

స్విచ్చి ఆపేలోపే మా ఆవిడ గుమ్మంలో ఉంది.

"ఏంటీ కంపు?"

"పక్కింటివాళ్ళు ఏదో మాడ్చినట్టున్నారు."

"పక్కింటి పొగ మన కిటికీలోంచి బయటికి పోతోందేం?"

లోపలికొచ్చి చూసింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. స్టూలు మీద కూలబడి, "ఈ ఒక్క తెర అందిస్తే చాలనుకున్నానండీ" అంది. కళ్ళలో నీళ్ళు. నా ప్రాణం చివుక్కుమంది. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

ఇద్దరం కలిసి తెర విప్పాం. చిరగలేదు, కొస మీద గ్రీజు మరక మాత్రం పడింది. మోటారు బాగుచేసేవాడికి ఫోను చేస్తే రేపటిదాకా రానన్నాడు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుని తాడు వంక చూసింది.

"మోటారు చక్రాన్ని తిప్పిందిగా?"

"తిప్పింది."

"మరి చక్రం మిషన్ని తిప్పదా?"

"ఎందుకు తిప్పదూ? కానీ చక్రాన్ని ఎవరు తిప్పుతారు?"

మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, చూపు నా కాళ్ళ దగ్గర ఆపింది.

మిషన్‌కి కట్టిన తాడుతో సహా చక్రం మళ్ళీ సైకిలుకెక్కింది. సైకిలు స్టాండెక్కింది. నేను సైకిలెక్కాను. పెడలు మీద ఓ తోపు తోశానో లేదో, సూది మఖమలు మీద వీరంగం వేసింది.

"మెల్లగా! తెర కుడుతున్నాం, తరుముకొస్తున్నారా ఎవరైనా?"

"ఎత్తు ఎక్కుతున్నట్టుందే!"

"అయితే ఎక్కండి. ఆపండి, మూల తిప్పాలి. ఆ, ఇప్పుడు తొక్కండి."

మొదట్లో ఆపమంటే చక్రం ఠక్కున ఆగేది. నాలుగయ్యేసరికి ఆపినా జానెడు కుట్టు ముందుకు పోతోంది.

"ఆపమన్నానా!"

"నేనెప్పుడో ఆపాను! హబ్బు ఆగట్లేదు! మెత్తబడిందే, మెత్తబడింది!"

"సంతోషించాం. బ్రేకు వేయండి."

గ్రీజు మరకని ఆవిడ అంచులోకి మడిచి కుట్టేసింది. మా సంసారంలో నా తప్పులు చాలావరకు అలాగే బయటికి కనపడకుండా ఉన్నాయి.

ఆరింటికి గడియారం గారొచ్చేసరికి ఆఖరి కుట్టు పడింది. ఆయన తెర చూశాడు, సైకిలు చూశాడు, మొదటిసారి టైము చూసుకోవడం మరిచిపోయాడు.

"భలే కుట్టారమ్మా! ఇక పని మీదే. హాల్లో సీట్లన్నిటికీ గలీబులు కావాలి. పై వారానికి ఇవ్వగలరా?"

"మోటారు బాగయ్యాక చూద్దామండీ" అంది మా ఆవిడ మెత్తగా. "పాపం, ఈయన వల్ల కాదు."

"ఎవరి వల్ల కాదూ?" అన్నాను లేచి. "ఇలాంటి హబ్బుండగా మోటారెందుకండీ? రాసుకోండి, పై వారానికి ఇచ్చేస్తాం!"

"విన్నారుగా" అంది మా ఆవిడ ఆయనతో, నావైపు చూడకుండా.

అప్పుడు వెలిగింది నాకు. "ఇంతకీ ఎన్ని సీట్లండీ?"

"బాల్కనీతో కలిపా, బాల్కనీ కాకుండానా?"

నిన్న బిగింపు మాస్టారొచ్చి లూజు తీసి, పాత గ్రీజు తుడిచి కొత్తది పెట్టాడు. "నెల్లాళ్ళకి నలగాల్సింది వారంలో నలిగింది. ఏ దేశం చుట్టొచ్చారు బాబూ?" అన్నాడు. వేలితో ఓసారి తిప్పితే చక్రం తిరుగుతూనే ఉంది. మా ఆవిడ ముఖం ఈ మధ్య వెలిగిపోతోంది. వీధి చివర గది అద్దెకి తీసుకుని కుట్టు షాపు పెడదామంటోంది. పెడుతుంది కూడా.

మిగిలిన ఎర్ర మఖమలు ముక్కతో నా సైకిలు సీటుకి మెత్తటి గలీబొకటి కుట్టిపెట్టింది. ప్రేమతోనే కుట్టింది, కాదనను. కాకపోతే అది కుట్టేటప్పుడు తొక్కింది కూడా నేనే.