నీలం హ్యాండ్‌బ్యాగు పైపొర

ఆ ఉదయం భూతద్దంగారి పథకం చాలా చిన్నది. కిటికీ దగ్గర మంచి వెలుతురులో నీలం హ్యాండ్‌బ్యాగును ఒకసారి చూసుకుని, పదింటికల్లా ఆఫీసుకు చేరి, అది బట్ట సంచో ప్లాస్టిక్ సంచో తేల్చేయడం.

ఆయనది కస్టమ్స్ ఆఫీసులో ఉద్యోగం. విదేశాల నుంచి దిగిన సరుకు ఏ పద్దు కిందికి వస్తుందో నిర్ణయించాలి. పద్దు మారితే పన్ను మారుతుంది. చేతిలో ఎప్పుడూ ఉండే భూతద్దం వల్ల అసలు పేరును అందరూ ఏనాడో మరిచిపోయారు. సంచుల వర్తకుడు "ఇది బట్టే సార్" అంటూ మూడు రోజులుగా ఆఫీసు మెట్లు అరగదీస్తున్నాడు. బట్ట మీద ప్లాస్టిక్ పొర ఉందని భూతద్దంగారి అనుమానం. అయితే పోయిన నెలే ఆయన గొడుగులను డేరాల పద్దులో రాసి పరువు పోగొట్టుకున్నారు. "ఇంకొక్క తప్పు చేశావో, పాత కాగితాల గదికి పంపేస్తా" అని పెద్దాఫీసరు తెగేసి చెప్పారు. ఆ భయంతోనే, నమూనాగా ఇచ్చిన సరుకు ఆఫీసు గడప దాటకూడదన్న నిబంధనను పక్కన పెట్టి, దాని చీటీ విప్పి జేబులో వేసుకుని, సంచిని ఇంటికి తెచ్చుకున్నారు.

"ఏవండీ, అమ్మ కంటి డాక్టరు దగ్గరికి బయల్దేరుతోంది. కాస్త తలుపు తీయండి" అని భార్య కేకేసింది.

భూతద్దంగారు సంచిని బల్ల మీద పెట్టి వెళ్లారు. బల్ల మీద అత్తగారి సంచి కూడా ఉంది. అదీ నీలమే. శుక్లం తీయించుకుని వారమైన అత్తగారు, లోకమంతా స్పష్టంగా కనిపిస్తోందన్న సంబరంలో, చేతికందిన సంచి తీసుకుని చక్కా వెళ్లిపోయారు.

భూతద్దంగారు ఆలస్యమైందని మిగిలిన సంచిని చూడకుండానే పట్టుకొచ్చి, ఆఫీసులో దానికి చీటీ కట్టి, పెద్దాఫీసరూ వర్తకుడూ చూస్తుండగా ఒక మూల కత్తిరించారు. గీకారు. నీటి చుక్క వేశారు. చుక్క ఇట్టే ఇంకిపోయింది.

"ప్లాస్టిక్ ఆనవాలే లేదు సార్. శుద్ధమైన బట్ట!" అని చీటీ మీద రాసేశారు కూడా.

"నేను మొత్తుకోలేదా!" అని వర్తకుడు కళ్లు తుడుచుకున్నాడు.

"లోపల అస్తరు కూడా చూడవయ్యా" అన్నారు పెద్దాఫీసరు.

జిప్పు లాగగానే ఒక చిన్న మందు సీసా బల్ల మీదికి దొర్లింది. దాని వెనకే రెండు మాత్రల అట్టలు.

"ఓహో, సంచుల్లో మందులు తెస్తున్నావా! ఇతని నాలుగొందల పెట్టెలూ విప్పించండి! మందుల శాఖకి ఫోన్ కలపండి!" అని పెద్దాఫీసరు అరిచారు.

"నాకేం తెలీదు సార్! అన్నీ ఖాళీ సంచులే!" వర్తకుడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

భూతద్దంగారు సీసాను గుర్తుపట్టారు. పొద్దున అత్తగారి కంట్లో తను వేసిన చుక్కలే అవి! నోరు విప్పితే పాత కాగితాల గది. విప్పకపోతే ఏ పాపం ఎరగని మనిషి జైలు. ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నారు.

"సార్, ఆ మందులు మా అత్తగారివి."

"అంటే మీ అత్తగారు కూడా ఈ వ్యాపారంలో ఉన్నారా!"

ఆ వ్యాపారస్తురాలు సరిగ్గా అప్పుడే గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. ఆవిడ చేతిలో ఇంకో నీలం సంచి.

"అల్లుడుగారూ, నా సంచి మీరు పట్టుకొచ్చేశారు. డాక్టరుగారు చుక్కలేవీ అంటే ఇది తెరిచి చూపించా, ఖాళీ! ఎండలోకి రాగానే తెలిసింది, ఇది నాది కాదని. పైన ప్లాస్టిక్ పొర తళతళలాడుతోందిగా, మామూలు కంటికే కనిపిస్తోంది."

పెద్దాఫీసరు నిబంధనల పుస్తకం తిరగేశారు. పొర మామూలు కంటికి కనిపిస్తే ప్లాస్టిక్ అని రాయాలి. భూతద్దం ఊసే లేదు.

"ప్లాస్టిక్కే సార్! నేనే చెబుతున్నా, ప్లాస్టిక్కే!" అని వర్తకుడు దండం పెట్టేశాడు. "మందులు కావు, అంతేగా?"

అప్పటికే ఫోన్ కలిసింది. "ఏం లేదండీ, ఊరికే, బాగున్నారా అని అడుగుదామని" అని పెద్దాఫీసరు చప్పున పెట్టేశారు. ఆయనకూ చెమట పట్టింది. రుమాలుతో తుడుచుకుంటూ భూతద్దంగారి వైపు తిరిగారు. "నిజం చెప్పావు కాబట్టి వదిలేస్తున్నా. ఇంకోసారి నమూనా గడప దాటిందా, వెనకే నువ్వూ దాటుతావు."

భూతద్దంగారికి ప్రాణం లేచొచ్చింది. అత్తగారి చేతులు పట్టుకుని, సంచి కత్తిరించినందుకు క్షమాపణ చెప్పుకున్నారు. ఆవిడ తెగిన మూలకు అతుకు వేయించుకున్నారు గానీ, చీటీని మాత్రం విప్పనివ్వలేదు.

ఎవరైనా ఆ సంచి ఏ రకమని అడిగితే, ప్రభుత్వం రాసిచ్చింది చదువుకోమంటున్నారు.