బ్యాగు కమిటీ ఘనవిజయం

అమెరికాలో ఐసెలిన్ ఊళ్ళోని మా తెలుగు సంఘం అధ్యక్షులు పద్మనాభంగారు 2008 వేసవిలో ఒక చరిత్రాత్మక ప్రకటన చేశారు. విమానాల్లో పనిచేసే మన ఆడపడుచులందరికీ గట్టి చక్రాల బ్యాగు ఎంపిక చేసే బాధ్యతను సంఘం స్వీకరించిందన్నారు. అలాంటి ఆడపడుచు మాకు తెలిసి ఒక్కతే. కాని అధ్యక్షులవారికి బహువచనం అలవాటు. పైగా సంఘం ఎన్నికలు దగ్గరపడ్డాయి.

ఆ ఒక్కతీ దమయంతి. ఒక ఎయిర్‌లైన్స్‌లో ఎయిర్ హోస్టెస్‌గా చేరి ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. బ్యాగు చక్రం విరిగి ఓసారి డ్యూటీకి లేటయింది. మళ్ళీ లేటయితే తీసేస్తామన్నారట. ఏ బ్యాగు కొంటే మన్నుతుందో చెప్పమని అధ్యక్షులవారిని అడిగింది పాపం.

మామూలు మనిషైతే ఓ పేరు చెప్పి పంపేసేవాడు. ఆయన కమిటీ వేశారు. పోయిన ఎన్నికల్లో ప్యానెల్ మారి మావైపు వచ్చిన సూర్యప్రకాశరావుగారికి ఇంతవరకూ పదవి దక్కలేదు కనుక ఆయన్ని చైర్మన్ చేశారు. కమిటీ వెంటనే దమయంతి పాత బ్యాగును అధ్యయనం కోసం స్వాధీనం చేసుకుంది.

పరీక్షలు చైర్మన్‌గారి బేస్‌మెంట్‌లో జరిగాయి. వాడి చూసి తిరిగిచ్చేసే సదుపాయం ఈ దేశంలో ఉంది కాబట్టి బ్యాగులకు కొదవలేదు. ఒక్కోదాన్నీ ఆవకాయ సీసాలతో, రైస్ కుక్కర్‌తో కుక్కి, బాత్రూమ్ తూకం మీద యాభై పౌండ్లు తూచి, ఇద్దరు సభ్యులు పైన కూర్చుంటే మూడో ఆయన జిప్పు లాగేవారు. ఆపైన నైలాన్ తాడు. సెక్రటరీగా ఆ శాస్త్రీయ దృక్పథాన్ని కళ్ళారా చూసే భాగ్యం నాకు కలిగింది.

"అంకుల్, మేం చెకిన్ చెయ్యం. సీట్ల పైన బిన్‌లో పట్టాలి, గబగబా లాక్కెళ్ళాలి," అంది దమయంతి.

"చెకిన్ చెయ్యని బ్యాగులో ఏం పడుతుందమ్మా?" అన్నారు చైర్మన్‌గారు.

పోనీ తన పాతదైనా ఇచ్చేయమంది. ఒక చక్రంతోనే ఈడ్చుకుంటానంది. రిపోర్టు వచ్చేదాకా శాంపిల్ బయటికివ్వడం కుదరదని కమిటీ తీర్మానించింది. జీతం రాకుండా కొత్తది కొనలేని ఆ పిల్ల, యూనిఫామ్‌ను చీరల కొట్టు కవర్లలో సర్దుకుని డ్యూటీకి వెళ్ళింది. నాకు జాలేసింది. కాని సెక్రటరీ జాలిపడవచ్చని సంఘం బైలాస్‌లో ఎక్కడా లేదు. చక్రాల పరీక్ష అజెండాలో చివరి అంశం. అప్పటికి భోజనాల వేళయింది.

చివరికి బాంక్వెట్ హాల్లో దమయంతికి సన్మానసభ పెట్టారు. ఎంపికైన బ్యాగును నలుగురు మోసుకొచ్చి స్టేజీ ఎక్కించారు. దమయంతిని పిలిచి మైకు ఇచ్చారు.

"నాకిక బ్యాగు అక్కర్లేదు అంకుల్. దారిలో కవర్లు తెగి లేటయింది. సోమవారం నన్ను తీసేశారు."

పద్మనాభంగారు తొణకలేదు. మెల్లగా మైకు అందుకున్నారు.

"మిత్రులారా, నేటినుంచి మన సంఘంలో బ్యాగు సమస్య ఉన్న ఎయిర్ హోస్టెస్ ఒక్కరు కూడా లేరు."

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. శాలువా కప్పుదామని చూస్తే దమయంతి కనబడలేదు. చైర్మన్‌గారికి కప్పాం.