జూజె గారి కాలం పూర్తయింది

ఆ శనివారం పొద్దున్న బెలిటా కపలములా పెట్టుకున్న పని ఒక్కటే. ఏడుగురు మనుషుల్ని ఒక్కచోట కూర్చోబెట్టాలి.

చిపిరి ఊళ్ళో చేయూత సంఘానికి ఆవిడ కార్యదర్శి. జీతం లేదు, రాజీనామా చేసే దారీ లేదు. కార్యవర్గంలో పదకొండు మంది ఉండాలి. అందులో ఇద్దరు చనిపోయారు. ఒకడు పని వెతుక్కుంటూ జోహన్నెస్‌బర్గ్ వెళ్ళి అజాపజా లేకుండా పోయాడు. మరొకాయన శనివారం వేలు కూడా కదపకూడదనే చర్చిలో చేరాడు. సంఘం సమావేశాలన్నీ శనివారమే. ఇక మిగిలింది ఏడుగురు. నియమావళి ప్రకారం ఏ తీర్మానం చెల్లాలన్నా ఏడుగురు హాజరు కావాలి. ఖాళీలు నింపాలన్నా ఏడుగురు కావాలి. సమావేశాన్ని మరో వారానికి మార్చుకోవాలన్నా ఆ ఏడుగురే కావాలి. పద్నాలుగు నెలలుగా ఆ ఏడుగురు ఒక్కసారి కూడా కలవలేదు.

సంఘానికి ఉన్న ఆస్తి ఒక సైకిల్ అంబులెన్స్. సైకిల్ వెనక తగిలించుకుని రోగిని పడుకోబెట్టి లాగే రెండు చక్రాల బండి. చక్రం ఒకటి వంగిపోయి, పడక చెక్కల్ని చెదలు తినేసి, చైర్మన్ లింగ్‌స్టన్ జూజె గారి కొట్టంలో తాళం వెనక పడి ఉంది. బాగు చేయించడానికి తీర్మానం కావాలి. జనవరి వానల్లో బెలిటా చెల్లెలి కూతురు తెలేసాకి నొప్పులొస్తే, ఇంటి తలుపు ఊడదీసి దాని మీద పడుకోబెట్టి ఆసుపత్రికి తొమ్మిది కిలోమీటర్లు మోశారు. పక్కనే గొడుగు పట్టుకుని నడిచింది బెలిటా. తెలేసా బతికింది, బిడ్డ దక్కలేదు. ఆ మర్నాడే బెలిటా రాజీనామా రాసింది. దాన్ని ఆమోదించడానికి ఏడుగురు రాలేదు.

జూజె గారి అయిదేళ్ళ పదవీకాలం ఆ శనివారంతో ముగుస్తుంది. కొత్త చైర్మన్‌ని ఎన్నుకోవాలి. బడిలో సమావేశమని బెలిటా వారం ముందే నోటీసు అంటించింది. తీరా చూస్తే రెండు వారాలుగా దగ్గుతున్న పెద్దాయన మంచం దిగలేకపోతున్నాడు. అందుకని సమావేశం ఆయనింటి దగ్గరే పెడదామనుకుని, వీధిలో పోతున్న సైకిల్ టాక్సీ హనోకీని ఆపింది.

"హనోకీ, మా కార్యవర్గం వాళ్ళ ఇళ్ళన్నీ నీకు దారే కదా! పదింటికల్లా అందరినీ జూజె గారింటికి రమ్మని చెప్పు. బడికి కాదు, ఇంటికి."

"ఏమైందక్కా? ఆయనకి ఒంట్లో బాలేదన్నారు?"

"లేవలేకపోయాడు పాపం. ఏం చేస్తాం, ఆయన కాలం ఇవాల్టితో పూర్తయింది. ఈ ఒక్కసారికైనా రాకపోతే మనుషుల కింద లెక్క కాదని చెప్పు వాళ్ళకి."

హనోకీ టోపీ తీశాడు. చెమట తుడుచుకోవడానికేమో అనుకుంది బెలిటా. అతను టోపీ గుండెకి ఆనించుకుని, ఒంటి చేత్తో హ్యాండిల్ పట్టుకుని తొక్కుకుంటూ మెల్లగా వెళ్ళిపోయాడు.

ఆవిడ గంజి తాగి, రిజిస్టర్ దుమ్ము దులిపి, పెన్ను పని చేస్తుందో లేదో అరచేతి మీద గీసి చూసుకుని బయల్దేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. చర్చి గంట ఆగి ఆగి మోగుతోంది. 'ఎవరో పోయారు, ఇక ఇవాళ కూడా కోరం ఉండదు' అని ఉసూరుమంది. దారిలో ఆడవాళ్ళు కట్టెల మోపులతో, మొక్కజొన్న పిండి గంపలతో అటే పోతున్నారు. పలకరిస్తే ఎవరూ నోరు విప్పలేదు, తల మాత్రం అడ్డంగా ఊపారు. మలుపు తిరిగాక ఏడుపులు వినిపించాయి. అవి జూజె గారి వాకిట్లోంచే వస్తున్నాయి.

బెలిటా ఉన్నపళంగా దారి పక్కన కూలబడింది. నిన్న సాయంత్రమే ఆయనతో పోట్లాడింది. తాళంచెవి ఇవ్వమంటే తీర్మానం తెమ్మన్నాడు. "మీ తీర్మానంతో పాటు మీరూ చెదలు పట్టిపోండి" అని వచ్చేసింది. రాత్రికే అంత పని జరుగుతుందని ఎవరు మాత్రం అనుకుంటారు? ఈ కబురు తన నోటి నుంచే బయల్దేరిందన్న ఊహ ఆవిడకి రాలేదు. వాకిట్లో అడుగు పెడుతూనే అందరికంటే గట్టిగా ఏడ్చింది.

అరవై మంది దాకా ఉన్నారు. ఇంటికి బయట తాళం వేసి ఉంది. జూజె గారి అక్క నసిబెకోకి చెవులు వినపడవు. శనివారం పిండి పట్టించుకోవడానికి వెళ్తూ, తమ్ముడు లేచి వీధిలో తిరక్కుండా తాళం వేసుకుని పోవడం ఆవిడకి అలవాటు. చుట్టాలకి కబురు చెప్పడానికి వెళ్ళి ఉంటుందని అందరూ ఎవరికి వాళ్ళే సరిపెట్టుకున్నారు. ఊరి పెద్ద మ్ఫొండె గొయ్యి తవ్వడానికి అప్పటికే ఆరుగురిని పంపేశాడు. వడ్రంగి సినోయా శవపెట్టెకి చెక్కలు మోసుకొచ్చి వేపచెట్టు కింద దించుకున్నాడు. అతనూ కార్యవర్గ సభ్యుడే. పద్నాలుగు నెలల్లో ఒక్క సమావేశానికీ రాలేదు.

"పొడుగెంతుంటాడంటావ్?" అన్నాడు ఊరి పెద్ద.

"నాకంటే జానెడు ఎక్కువ," అన్నాడు సినోయా. "మనిషి మంచోడే. రూలు చెప్పేటప్పుడు మాత్రం ఇంకో జానెడు పెరిగేవాడు."

"ఆ కొట్టం తాళంచెవి ఆయన జేబులో ఉంటుంది. దాంతో పాటు పాతిపెట్టేరు, ముందది తియ్యండి," అంది ఫలేసి అవ్వ ముక్కు చీదుతూ. ఆవిడ సంఘం కోశాధికారి.

"దాని కోసం ఎంతమంది తిరిగారే అవ్వా! బతికుండగా ఇచ్చుంటే..." అన్నారెవరో గుంపులోంచి.

అందరి చూపులూ బెలిటా వైపు తిరిగాయి. ఆవిడ కళ్ళు దాచుకోవడానికి ఇంటి పక్కకి వెళ్ళి, కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. లోపల మంచం మీద, దుప్పటి భుజాల దాకా కప్పుకుని, కళ్ళజోడు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు జూజె.

బెలిటా నోరు తెరిచింది.

"అరవకు," అన్నాడాయన బొంగురు గొంతుతో. "సినోయా ఇంకేదో అంటున్నాడు. విననీ."

"మీరు... మీరు పోలేదా?"

"నాకెవరూ చెప్పలేదు. గంట నుంచీ వింటున్నాను. నేను మంచోణ్ణని నలుగురన్నారు. తాళంచెవి గురించి అందరూ అన్నారు."

అది చెప్పేటప్పుడు ఆయన ముఖంలో కోపం లేదు. పరీక్ష తప్పానని తెలిసిన పిల్లాడిలా ఉన్నాడు. ఆవిడకి పొద్దున్న హనోకీతో అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది.

ఆవిడ తిరిగొచ్చి సంగతి చెప్పగానే ఏడుపులు ఒక్కసారిగా ఆగిపోయాయి. సంతోషించాలని అందరికీ తెలుసు, ఎలా మొదలుపెట్టాలో మాత్రం తెలియలేదు.

"నువ్వే కదక్కా, కాలం పూర్తయిందన్నావ్!" అన్నాడు హనోకీ ఏడుపు గొంతుతో.

"పదవీకాలంరా!"

"ఆ 'పదవి' నువ్వనలేదు."

"గొయ్యి నడుం లోతు తవ్వేశారయ్యా జూజే!" అన్నాడు మ్ఫొండె కిటికీ దగ్గరికి వచ్చి, తప్పంతా లోపలి మనిషిదే అన్నట్టు.

"పూడ్పించండి."

"ఉత్త గొయ్యి పూడిస్తే ఊరికి కీడు. ఓ అరటిబోదె పెట్టి పూడుస్తాం. పాట కూడా పాడాలి మరి."

పాడటానికి వచ్చినవాళ్ళలో సగం మంది అరటిబోదె వెంట వెళ్ళారు. బెలిటా వాకిట్లో మిగిలిన మొహాలు చూసి, అలవాటుగా లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. ఊచల వెనకున్న ఆయనతో కలిపి ఏడుగురు. రిజిస్టర్ తెరిచింది. ఏడు సంతకాలూ అయ్యాయి. ఏడోది కిటికీలోంచి తీసుకుంది.

"మొదటి అంశం, బండి మరమ్మతు," అంది.

"ఆగు," అన్నాడు జూజె. "నోటీసులో బడి అని ఉంది. చోటు మార్చాలంటే ఏడు రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. పైగా వీళ్ళు సమావేశానికి రాలేదు, చావుకొచ్చారు. ఇది చెల్లదు."

"పద్నాలుగు నెలల తర్వాత ఏడుగురం కలిశాం పెద్దాయనా! మీకు దణ్ణం పెడతాను."

"నేను కాదనడం లేదమ్మా, రూలు కాదంటోంది. ఇవాళ నీ కోసం వంచితే రేపు ఇంకొకడి కోసం వంచాలి. మన పక్క సంఘాలన్నీ అలాగే పోయాయి. ఒక్కోటీ ఒక్కో పెద్దమనిషి జేబులోకి పోయింది. మనది మిగిలింది."

"ఏం మిగిలిందీ?" అంది బెలిటా. "తాళం మిగిలింది."

అప్పుడే కొట్టం వైపు నుంచి సుత్తి దెబ్బ వినిపించింది. తెచ్చిన చెక్కలు తిరిగి మోసుకుపోవడం ఇష్టం లేని సినోయా, ఈ వాదన ఎటు పోతుందో తెలిసి లేచి వెళ్ళి తాళం పగలగొట్టాడు. ఇద్దరు మనుషులు బండిని బయటికి లాగారు. హనోకీ తన సైకిల్ టాక్సీ ముందు చక్రం విప్పి ఇచ్చాడు. పెట్టె కోసం కోసిన చెక్కలు బండి పడకకి సరిగ్గా సరిపోలేదు. జానెడు మిగిలితే కోసేశారు.

"ఎవరది? సంఘం ఆస్తి! అనుమతి లేకుండా..." జూజె లేచి ఊచలు పట్టుకున్నాడు. దగ్గు తెర వచ్చింది, ఆగలేదు. పెదవుల మీద నెత్తురు కనిపించింది. తర్వాత కిటికీలో ఆయన కనిపించలేదు.

తలుపు కూడా పగలగొట్టాల్సి వచ్చింది. అంతకు ముందు గంట సేపు ఆయన కోసం ఏడ్చినవాళ్ళే ఆయన్ని ఎత్తుకొచ్చి బండిలో పడుకోబెట్టారు. శవం మీద కప్పడానికి తెచ్చిన కొత్త దుప్పటి కప్పారు. హనోకీ ఇంకొకడి సైకిల్ తీసుకుని లాగడం మొదలుపెట్టాడు.

"దింపండి," అన్నాడు జూజె కళ్ళు తెరవకుండా. "తీర్మానం లేదు."

"నోరు మూసుకుని పడుకోండి తాతా," అన్నాడు హనోకీ. వెనక నుంచి ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

ఆసుపత్రి తొమ్మిది కిలోమీటర్లు. బెలిటా పక్కనే నడిచింది. రెండు మైళ్ళు పోయాక ఊరివాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి మళ్ళారు. బండి గతుకుల్లో పడినప్పుడల్లా కొత్త చెక్కలు కిర్రుమంటున్నాయి.

"తెలేసాకి నొప్పులొచ్చిన రోజున," అన్నాడు జూజె, "నువ్వు తాళంచెవికి మనిషిని పంపావు."

"పంపాను."

"చక్రం వంగి ఉంది. అయినా ఎంత వంగిందో నేను చూడలేదు. తీర్మానం ఉందా అని అడిగాను. అంతే అడిగాను." ఆయన ఊపిరి తీసుకున్నాడు. "ఇస్తే బిడ్డ బతికేదా?"

ఆ ప్రశ్నని ఆరు నెలలుగా బెలిటా తనకి తనే వేసుకుంటోంది. దుప్పటి జారితే సరిచేసి, "దగ్గొస్తుంది, మాట్లాడకండి," అంది.

ఇంకో రోజు ఆగి ఉంటే దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడు. మూడు వారాల తర్వాత జూజె సగం మనిషై, అదే బండిలో ఊరికి తిరిగొచ్చాడు. వచ్చిన మర్నాడే కొత్త చైర్మన్ ఎన్నికయ్యేదాకా పాత చైర్మనే కొనసాగాలన్న నియమాన్ని చూపించి, నోటీసు తనే సొంత దస్తూరితో రాసి బడి గోడకి అంటించాడు. అంశం ఒక్కటే. కొట్టం తాళం పగలగొట్టిన వారిపై విచారణ, అక్రమంగా నడుస్తున్న బండి నిలుపుదల.

ఆ నోటీసు బెలిటా రెండుసార్లు చదివింది. ఈసారి కోరం రాకూడదని జీవితంలో మొదటిసారి దేవుణ్ణి వేడుకుంది.

నోటీసులో రాసిన శనివారం బడిలో ముగ్గురే కూర్చున్నారు. జూజె, బెలిటా, బల్ల మీద తల వాల్చి నిద్రపోతున్న ఫలేసి అవ్వ. సినోయా పక్క ఊళ్ళో ఒక శవపెట్టె పనికి పోయాడు, మిగతావాళ్ళు ఆ చావుకే పోయారు. బండి తెల్లవారుజామునే ఒక నిండు చూలాలిని ఎక్కించుకుని ఆసుపత్రికి వెళ్ళింది. పదిన్నర దాకా చూశాడు జూజె. తర్వాత గడియారం జేబులో పెట్టుకున్నాడు.

"రాసుకో. కోరం లేదు. విచారణ వాయిదా."

"ఎప్పటికి?"

"ఏడుగురు వచ్చేదాకా."

"ఈలోగా బండి సంగతి?"

"దాన్ని ఆపాలంటే తీర్మానం కావాలి కదమ్మా," అన్నాడు జూజె. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. కోరం రాదని తెలిసే ఆ నోటీసు అంటించారా అని అడగాలనుకుంది బెలిటా. ఆయన ముఖం చూసి, 'కోరం లేదు' అని రాసి రిజిస్టర్ మూసింది.

ఆ బండి ఇప్పటికీ అక్రమంగానే తిరుగుతోంది.