పన్నెండోసారి మానేసిన గట్టయ్య

సోమవారం పొద్దున ఆరింటికి, మంచం దిగకముందే గట్టయ్య ఒక నిర్ణయం తీసుకున్నాడు. బీడీ మానెయ్యాలి. మానేసినట్టు ఒక్క ప్రాణికి కూడా చెప్పకూడదు. ఇందులో మొదటి భాగం ఆయనకు కొత్త కాదు. అంతకుముందు పదకొండుసార్లు మానేశాడు. పదకొండుసార్లూ సెంటినరీ కాలనీలో తమ క్వార్టర్ల వరసంతా వినబడేలా చాటాడు. ఒకసారి మల్లన్న మీద ఒట్టేశాడు, ఒకసారి పెద్దకొడుకులాంటి మేనల్లుడి తల మీద చెయ్యి పెట్టాడు, మరోసారి యూనియన్ మీటింగులో మైకు పట్టుకుని ప్రమాణం చేశాడు. మైకులో మానేసినది అన్నిటికన్నా తక్కువసేపు నిలిచింది. మీటింగు ముగిసి టీ గ్లాసులు చేతికొచ్చేలోగా అయిపోయింది.

ఈసారి మానెయ్యడానికి కారణం ఆరోగ్యం కాదు, మొగిలి. మొగిలి పైఅంతస్తు క్వార్టరులో ఉంటాడు, గట్టయ్యకన్నా రెండేళ్ళు పెద్ద, బీడీ ముట్టడు. ఆదివారం నాడు గట్టయ్య బియ్యం సంచి మోసుకుని సగం మెట్లెక్కి ఆయాసంతో ఆగిపోతే, వెనకనుంచి మొగిలి నిండు గ్యాసు బండ భుజాన వేసుకుని వచ్చి "తమ్మీ, జర పక్కకు జరుగు" అన్నాడు. బండ ఇంట్లో పెట్టి దిగివచ్చేసరికి కూడా గట్టయ్య అదే మెట్టు మీద ఉన్నాడు. మొగిలి ఏమీ అనకుండా ఆ బియ్యం సంచి కూడా పైకి చేర్చిపోయాడు. తిట్టినా గట్టయ్య ఓర్చుకునేవాడు.

గట్టయ్యకు యాభై ఏడేళ్ళు. ఇరవై రెండేళ్ళు బొగ్గుబాయిలో దిగి పనిచేశాడు. తొమ్మిదేళ్ళ కింద దగ్గు పట్టుకుంటే కంపెనీ డాక్టర్లు పైన ల్యాంపు రూములో తేలిక పని రాసిచ్చారు. బాయిలోకి దిగేవాళ్ళకు తలదీపాలు ఇవ్వడం, ఎక్కివచ్చినవాళ్ళ దగ్గర తీసుకోవడం, అంతే. ఆ స్టూలు మీద కూర్చుని, షిఫ్టుకు దిగే పోరగాళ్ళను చూసి "వీళ్ళా బాయి పని చేసేది!" అని పెదవి విరవడం ఆయన తన డ్యూటీలో భాగంగానే పెట్టుకున్నాడు.

మొదటి రోజు దెబ్బ మరుగుదొడ్డిలోనే తగిలింది. ముప్పై ఏళ్ళుగా ఆయన పేగులు అగ్గిపుల్ల గీసిన చప్పుడు వింటేగానీ కదిలేవి కావు. ఆ రోజు ఎంతసేపు కూర్చున్నా చప్పుడు లేదు, కదలికా లేదు. నలభై నిమిషాలకు భార్య సమ్మవ్వ తలుపు కొట్టింది.

"ఏందయ్యా, లోపట్నే పండుకున్నవా?"

"పండుకోక నన్నేం జెయ్యమంటవ్?" అని లోపలినుంచి అరుపు వచ్చింది. సమ్మవ్వ రెండడుగులు వెనక్కి వేసింది.

డ్యూటీలో ఒకడి దీపం ఇంకొకడికి ఇచ్చాడు. అడిగినందుకు ఇద్దరినీ తిట్టాడు. రిజిస్టరు రాసే పెన్సిలు సగం నమిలేశాడు. రెండో రోజు చేతులు వణికి టీ గ్లాసు ఒడిలో ఒలికింది. డబ్బాలో ఉన్న బెల్లం సగం తిన్నాడు. సాయంత్రం టీవీ సీరియల్లో ఎవరో అత్త ఎవరో కోడలిని ఇంట్లోంచి వెళ్ళగొడుతుంటే వెక్కి వెక్కి ఏడ్చాడు. సమ్మవ్వ చేతిలో చేట జారిపోయింది. కన్నతల్లి పోయిన రోజున కూడా పందిరి కింద బీడీ వెలిగించుకుని కూర్చున్న మనిషి ఆయన. పైగా దగ్గు. పొగ ఆగేసరికి ఇన్నేళ్ళ మసి ఒక్కసారిగా బయల్దేరినట్టు, నల్లగా ఊస్తున్నాడు.

"ఏమైందయ్యా నీకు?"

"ఏం గాలే. నన్నేం అడుగకు. నాలుగు దినాలైతే నీకే తెలుస్తది."

ఆయన చెప్పదలచుకున్నది వేరు, ఆమెకు వినబడింది వేరు. సమ్మవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేరుగా పక్క క్వార్టరు సారవ్వ దగ్గరికి వెళ్ళింది. సారవ్వ భర్త ఆగయ్యను మూడేళ్ళ కింద మెడికల్ బోర్డు పనికి పనికిరాడని తేల్చింది, ఆయన నౌకరి కొడుకుకు వచ్చింది. అప్పటినుంచి ఆ వరసలో రోగాల మీద తీర్పు చెప్పే అధికారం సారవ్వదే.

"చేతులు వణుకుతున్నయా?"

"వణుకుతున్నయ్."

"కోపమొస్తుందా?"

"కోపం ఎప్పటికీ వచ్చేదే. ఇప్పుడు మనిషి మీదికి వస్తుండు."

"బీడీ తాగుతుండా?"

"అదే నా భయం చెల్లె. రెండు దినాలాయె, ముట్టనే లేదు."

సారవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది. "బీడీ గూడ ముట్టబుద్ధి అయితలేదంటే ఇగ పెద్ద రోగమే అక్కా. మా ఆయనకు గింత కాకముందే అన్‌ఫిట్ ఇచ్చిన్రు." తరవాత గొంతు తగ్గించింది. "ఏడ్వకు. నీ అదృష్టం సూడు, ఇంకా నాలుగేండ్ల సర్వీసు ఉన్నది. ఇప్పుడైతేనే పోరనికి నౌకరి వస్తది. రిటైరు దగ్గరికొస్తే ఏం లాభం?"

సమ్మవ్వ ఆ గడప దాటేటప్పుడు మొగుడి కోసం నిజంగానే ఏడుస్తోంది. తన గడప తొక్కేసరికి కొడుకు పెళ్ళికి చుట్టాలను ఎక్కడ పండబెట్టాలా అని ఆలోచిస్తోంది.

ఆ కొడుకు జగదీశ్వర్‌కు ఇరవై తొమ్మిదేళ్ళు. ఆరేళ్ళుగా గోదావరిఖనిలో గ్రూప్స్ కోచింగుకు వెళ్తున్నాడు. వెళ్తున్నాడంటే, దారిలో టీ బండిదాకా వెళ్తున్నాడు. అలాంటివాడు బుధవారం పొద్దున తండ్రి మంచం దగ్గరికి టీ తెచ్చాడు. గట్టయ్య ఆ టీ ఎవరికోసమోనని వెనక్కి తిరిగి చూశాడు.

"నీకే బాపు. తాగు. కాళ్ళు వత్తాల్నా?"

గురువారం మందమర్రినుంచి కూతురు సంతోషి, అల్లుడు కిషన్ రెండు సంచుల పండ్లతో దిగారు. కిషన్ సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం నడుపుతాడు. మామ నౌకరి అల్లుడికి కూడా రావచ్చని ఎవరో చెవిలో వేశారు. వచ్చీరాగానే మంచం కోళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"బామ్మర్దీ, నువ్వు అలిసిపోయినవ్. జరుగు, నేను వత్తుత."

"మా బాపు కాళ్ళు బావా ఇవి. నాకేం అలుపు లేదు."

చివరికి చెరొక కాలు పంచుకున్నారు. ఎక్కువ సేవ చేసినట్టు కనబడాలని ఇద్దరూ పోటీపడి పిసికితే సాయంత్రానికి గట్టయ్య నిజంగానే కుంటడం మొదలుపెట్టాడు. సమ్మవ్వ దాన్ని కూడా రోగాల లెక్కలో చేర్చుకుంది.

గట్టయ్య మాత్రం ఇదంతా వేరే విధంగా అర్థం చేసుకున్నాడు. తను బీడీ మానేసిన సంగతి వీళ్ళు పసిగట్టారు. పైకి అంటే పట్టుదల సడలిపోతుందని నోరు మెదపకుండా ఆసరాగా నిలబడుతున్నారు. ఇంత బంగారం లాంటి పిల్లలనా తను పనికిమాలినవాళ్ళని తిట్టింది! ఆలోచించిన కొద్దీ కన్నీళ్ళు ఆగలేదు. ఆయన కళ్ళు తుడుచుకున్న ప్రతిసారీ కొడుకూ అల్లుడూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని తృప్తిగా తలాడించారు.

శుక్రవారం ఏటి అవతలి జైపూర్ ఊరినుంచి ఒక పెద్దమనిషి జగదీశ్వర్‌ను చూసుకోవడానికి వచ్చాడు. త్వరలో కంపెనీ నౌకరి రాబోయే పిల్లగాడని అప్పటికే అక్కడిదాకా పాకింది. వచ్చినాయన మర్యాద కోసం గట్టయ్య పక్కన కూర్చున్నాడు.

"ఎన్ని దినాలాయె బావా?" అని మెల్లగా అడిగాడు.

ఈ ఊరుగాని ఊరాయనకు కూడా తెలిసిందే అని గట్టయ్య పొంగిపోయాడు. "ఇయ్యాల్టికి ఐదు దినాలు. మొదటి మూడు దినాలు నరకం. ఇప్పుడు జర అలవాటైంది."

"మరి ఇంక ఎన్నొద్దులంటరు?"

"ఎన్నొద్దులేంది? ఇగ సచ్చేదాక గిట్లనే."

పెద్దమనిషి కళ్ళొత్తుకున్నాడు. ఇంత నిబ్బరం ఉన్న ఇంట్లోకి పిల్లనిస్తే తప్పులేదని బయటికి వెళ్ళి సమ్మవ్వతో అన్నాడు.

అదే సాయంత్రం సమ్మవ్వ తమ్ముడు సదయ్య ఒక కాయితంతో వచ్చాడు. సదయ్య ఏదో ఒక యూనియన్‌లో ఏదో ఒక కార్యదర్శి. ఎవరి పనైనా తన ఒక్క ఫోనుతో అవుతుందంటాడు. ఇంతవరకు ఎవరిదీ కాలేదు. ఆ సమయానికి గట్టయ్యకు బీడీ యావ నెత్తికెక్కి ఉంది. నాలుక పిడచకట్టింది, చెవుల్లో తేనెటీగలు తిరుగుతున్నాయి.

"బావా, గీ కాయితం మీద సంతకం పెట్టు. రేపు దవాఖాన్ల చెకప్."

"ఎందుకు?"

"నీ మంచికే. పెట్టరాదూ."

మానేసినవాళ్ళకు చెకప్ కూడా చేయిస్తున్నారు కాబోలు అనుకున్నాడు. సదయ్య తొందరగా లేచిపోతే చాలని చదవకుండా సంతకం గీకాడు. ఆ క్షణంలో ఉరిశిక్ష కాయితం పెట్టినా గీకేవాడే.

శనివారం పొద్దున సంతోషిని ఇంటి దగ్గర ఉంచి, సమ్మవ్వ, జగదీశ్వర్, కిషన్, సదయ్య గట్టయ్యతో కలిసి ఆటో దిగి కంపెనీ దవాఖాన గేటు దగ్గర నిలబడ్డారు. గట్టయ్య తెల్ల అంగీ వేసుకున్నాడు, సన్మానానికి వెళ్తున్నట్టు. సదయ్య అటూ ఇటూ చూసి ఆయనను గోడ పక్కకు తీసుకెళ్ళి, జేబులోంచి కొత్త బీడీ కట్ట, అగ్గిపెట్టె తీసి చేతిలో పెట్టాడు.

"లోపటికి పోయేలోగా ఎన్నైతే గన్ని తాగు."

గట్టయ్య నోరు తెరిచాడు. "నేను మానేసిన గదరా!"

అందరూ నవ్వారు. "పన్నెండోసారా బాపూ?" అన్నాడు జగదీశ్వర్.

"మజాక్ తర్వాత, బావా," అన్నాడు సదయ్య. "ఊపిరి మొత్తం ఖరాబైనట్టు కనవడాలె. గొట్టంల ఊదుమంటరు. పిల్లికూన లెక్క ఊదు. మెట్లెక్కుమంటే రెండో మెట్టు మీదనే కూలవడు. నువ్వు అన్‌ఫిట్ అయితెనే పోరనికి నౌకరి."

"పోరనికని ఎవలు జెప్పిన్రు?" అని కిషన్ ముందుకొచ్చాడు. "అల్లునికి గూడ రూల్ ఉన్నది."

నాలుగు రోజులుగా పోగుపడిన ప్రేమంతా గట్టయ్య కళ్ళ ముందు ఒక్కసారిగా విప్పుకుని నిలబడింది. టీ, పండ్లు, చెరొక కాలు, జైపూర్ పెద్దమనిషి కన్నీళ్ళు. ఆయన ఒక్కొక్కరి ముఖమే చూశాడు. జగదీశ్వర్ అప్పటికే అగ్గిపుల్ల గీసి, గాలికి ఆరిపోకుండా రెండు చేతులూ అడ్డం పెట్టి, తండ్రి మూతి దగ్గరికి తెచ్చాడు. గంధకం వాసన ముక్కుకు తగిలింది. బీడీ తనంతట తానే పెదాల మధ్యకు వచ్చింది. ఆరు రోజుల కరువు. ఒక్క గుక్క చాలు.

"తాగయ్యా," అంది సమ్మవ్వ బతిమాలుతూ. "ఒక్కటే గదా. ఏం గాదు."

ముప్పై నాలుగేళ్ళ కాపురంలో బీడీ తాగమని ఆమె అనడం అదే మొదటిసారి. ఆ మాటతో గట్టయ్య భగ్గుమన్నాడు. బీడీ ఊసేశాడు. కట్ట లాక్కుని చెప్పు కింద వేసి పొడిపొడిగా నలిపాడు. మల్లన్న మీది ఒట్టు చెయ్యలేకపోయిన పని కసి ఒక్క నిమిషంలో చేసింది.

"మీ కండ్ల ముంగట నూరేండ్లు బతుకుత. సూస్కోండ్రి," అని లోపలికి నడిచాడు.

డాక్టరు కృష్ణప్రియది కోస్తా వైపు. ఆమె ఆయన చేతులు చూసి, నాలుక చూసి, నాలుగు ప్రశ్నలు అడిగింది. నిద్ర పడుతోందా, కోపం వస్తోందా, విరేచనం సాఫీగా అవుతోందా, ఊరికే ఏడుపొస్తోందా. తరవాత కలం కింద పెట్టింది.

"బీడీ మానేసి ఎన్ని రోజులైందండీ?"

వారం మొత్తంలో ఆ ప్రశ్న అడిగిన మనిషి ఆమె ఒక్కతే. గట్టయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఆరు దినాలు డాక్టరమ్మా."

"ఇవన్నీ అందుకే. జబ్బేం లేదు. రెండు మూడు వారాల్లో సర్దుకుంటాయి. నీళ్ళు బాగా తాగండి. ఏదీ, ఈ గొట్టంలో ఊదండి."

తలుపు అద్దంలోంచి నాలుగు ముఖాలు తొంగిచూస్తున్నాయి. గట్టయ్య వాటివైపే చూస్తూ ఊదాడు. సదయ్య కోసం ఊదాడు, అల్లుడి కోసం ఊదాడు, కొడుకు గీసిన అగ్గిపుల్లను ఆర్పుతున్నట్టు ఊదాడు. డాక్టరమ్మ అంకె చూసి నమ్మలేక మళ్ళీ ఊదమంది. రెండోసారి ఇంకా ఎక్కువ వచ్చింది. ఎక్స్‌రే తీయించింది, పాత ఫైలు తెప్పించి పక్కన పెట్టుకుని చూసింది.

"మేడం, నేను ఫిట్ అని రాసియ్యుండ్రి," అన్నాడు గట్టయ్య రొమ్ము విరుచుకుని. "పెద్దపెద్ద అక్షరాలల్ల రాయుండ్రి. బయటోళ్ళకు కనవడాలె."

"తప్పకుండా. తొమ్మిదేళ్ళ కింద దగ్గు వల్ల మిమ్మల్ని పైన పనిలో పెట్టారు కదా. ఏ పనికి పనికొస్తారో మళ్ళీ పరీక్ష చెయ్యమని మీరే అడిగారు. మంచి పని చేశారు."

"నేనడిగిన్నా?"

ఆమె కాయితం తిప్పి చూపించింది. కింద సంతకం ఆయనదే. "ఇన్నేళ్ళు బొగ్గు దుమ్ముకు దూరంగా ఉన్నారు, ఇప్పుడు పొగా మానేశారు. మీ ఊపిరితిత్తులకు ఏ ఇబ్బందీ లేదు. బోర్డు దాకా వెళ్ళక్కర్లేదు. బాయి లోపలి డ్యూటీకి కూడా ఫిట్. అభినందనలు గట్టయ్య గారూ."

గట్టయ్యకు దగ్గొచ్చింది. ఆశగా, వీలైనంత గట్టిగా దగ్గాడు.

"అది మంచి దగ్గేనండీ," అని డాక్టరమ్మ ముద్ర వేసింది.

కిషన్ సంతోషిని తీసుకుని మధ్యాహ్నం బస్సుకే మందమర్రి వెళ్ళిపోయాడు, మిగిలిన పండ్లు సంచిలో వేసుకుని. జైపూర్ పెద్దమనిషి ఫోనెత్తడం మానేశాడు. తన ఒక్క ఫోనుతో బాయి డ్యూటీ ఆర్డరు ఆపిస్తానని సదయ్య మాటిచ్చాడు కాబట్టి అది మరుసటి వారమే వచ్చింది. ల్యాంపు రూము స్టూలు మీద ఎవరో కొత్తాయన కూర్చున్నాడు. గట్టయ్య మొదటి షిఫ్టు వరసలో, తను పెదవి విరిచిన పోరగాళ్ళ వెనక నిలబడి, దీపం అందుకుని బాయిలోకి దిగాడు.

ఆయన మళ్ళీ బీడీ ముట్టలేదు. ఇంట్లోవాళ్ళు ఆయనను ఇంతవరకు క్షమించలేదు.